పైఅంతస్తు కీబోర్డు

పాపాయికి రోత పుట్టించే వస్తువులు లోకంలో చాలానే ఉన్నాయి గానీ, వాటన్నిటికీ పెద్దది బావగారి మైకు మీద ఉండే స్పాంజి. కొన్నప్పుడు అది నల్లగా ఉండేదట. ఇప్పుడు దాని రంగేమిటో చెప్పడం ఎవరి తరమూ కాదు. బావగారు పెదాలు దానికి ఆనించి పాడతాడు. మధ్యలో దగ్గుతాడు, తుమ్ముతాడు, పాటకీ పాటకీ నడుమ గొంతులోకి ఏదో ఘాటైన మందు పిచికారీ చేసుకుంటాడు. అదంతా ఆ స్పాంజి తాగి కూర్చుంటుంది. ప్రోగ్రాం కాగానే దాన్ని ఊడదీసి, ఇంకా వెచ్చగా తడితడిగా ఉన్నదాన్ని పాపాయి చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మాయ్! మనందరి అన్నం గిన్నె ఇదే," అంటాడు. ఇంటికెళ్ళి సబ్బు అరిగిపోయేలా చేతులు కడుక్కుంటే గానీ ఆవిడకి ముద్ద దిగదు.

పాపాయి అంటే చిన్నపిల్లేం కాదు, నలభై దాటిన మనిషి. పుట్టింట్లో ఆఖరిది కాబట్టి ఆ పేరు పడింది. పెళ్ళయ్యాక సామానుతో పాటు ఆ పేరు కూడా అత్తింటికి వచ్చేసింది. ఆ ఇంట్లో ఇంటిల్లిపాదికీ ఒకటే పని, పాటల ట్రూపు. పెళ్ళిళ్ళకి, పుట్టినరోజులకి, కంపెనీల వాళ్ళ పార్టీలకి వెళ్ళి పాడి వస్తారు. పాడేది బావగారు, అంటే భర్తకి అన్నగారు. మిక్సర్ ముందు కూర్చుని స్పీకర్ల సంగతి చూసుకునేది భర్త. వేదిక మీద కీబోర్డు పాపాయిది. వెనకాల డ్రమ్ముల దగ్గర ఇంకొకాయన ఉంటాడు. మిగతా రోజుల్లో టైర్ల కొట్టులో పనిచేస్తాడు కాబట్టి ఆయన్ని అందరూ టైర్లాయన అంటారు.

చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, ఆ వేదిక మీద నిజంగా పనిచేసేది బావగారి గొంతొక్కటే. మిగతాదంతా పెన్‌డ్రైవు. వాయిద్యాలన్నీ ఏదో స్టూడియోలో ముందే రికార్డు చేయించి అందులో పెట్టుకున్నారు. పాపాయి కీబోర్డుకి ఒక వైరు ఉంటుంది. ఆ వైరు దర్జాగా వేదిక మీది తివాచీ కిందికి వెళ్తుంది, వెళ్ళి అక్కడే పడుకుంటుంది. దాని రెండో కొస దేనికీ తగిలించి ఉండదు. టైర్లాయన డ్రమ్ముల నిండా పాత దుప్పట్లు కుక్కి ఉంటాయి. మరి వీళ్ళిద్దరూ చేసేదేమిటయ్యా అంటే, ఉతకని తళుకుల కోట్లు తొడుక్కుని, పళ్ళికిలించి, తలలూపుతూ చేతులాడించడం.

మొదట్లో ఇలా లేదు. పాపాయి నిజంగానే వాయించేది. ఆమెతో పాటు ఇంకా నలుగురు వాయించేవాళ్ళు. ఒకడు తాగి వచ్చాడు, ఒకడు అసలు రాలేదు, ఇంకొకడు పాట మధ్యలో అలిగి వెళ్ళిపోయాడు. ఎందుకొచ్చిన గొడవ అనుకుని బావగారు పెన్‌డ్రైవు తెచ్చాడు. "జనం వినేది నా గొంతమ్మాయ్, నీ వేళ్ళు కాదు. నువ్వు నవ్వుతూ ఉండు, చాలు," అన్నాడు. పాపాయి నవ్వింది. అప్పట్నుంచీ ఏళ్ళ తరబడి దవడలు నొప్పెట్టేలా నవ్వుతూనే ఉంది.

ఆ కీబోర్డు సంగతి చెబితే ఇంకా అసహ్యం. ఒక పార్టీలో ఎవరో పెద్దమనిషి ఊగుతూ వేదికెక్కి, చేతిలో గ్లాసు దాని మీద బోర్లించాడు. లోపల చిటపటమని, కాస్త పొగ వచ్చి, ఆ పెట్టె చచ్చి ఊరుకుంది. దాన్ని బాగుచేయించలేదు. ఎందుకు చేయిస్తారు? పెన్‌డ్రైవు వచ్చాక అది బతికున్నన్నాళ్ళూ మోగిందా ఏమన్నానా! మెట్లు మాత్రం ఇప్పటికీ జిగటజిగటగా వేళ్ళకి అంటుకుంటాయి. శవానికి పళ్ళు తోముతున్నట్టుంటుంది పాపాయికి.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం టీచర్ ఫోన్ చేసింది.

"ఏమే పాపాయ్, నేనే," అంది. ఆ గొంతు వినగానే పాపాయి మంచం మీంచి లేచి నిలబడింది. బళ్ళో సంగీతం నేర్పిన టీచర్ ఆవిడ. పాపాయికి కాళ్ళు నేలకి అందని వయసు నుంచి బడి వదిలేదాకా, ఆవిడ పక్కన కూర్చునే వాయించింది. ఆ బడికి ఒక పాట ఉంది. ఆ పాట రాసిందీ టీచరే, బాణీ కట్టిందీ టీచరే, పాట వెనక, కాళ్ళతో తొక్కే బడి హార్మోనియం మీద ఏ వేలు ఎక్కడ పడాలో నిర్ణయించిందీ టీచరే. దాన్ని మొదటిసారి తప్పు లేకుండా వాయించిన పిల్ల పాపాయి.

"వచ్చే నెల నన్ను సాగనంపేస్తున్నారే బళ్ళోంచి. సభ చేస్తారట. పాటలెవరివని అడిగితే మీ ట్రూపు పేరు చెప్పారు. మీ బావగారితో మాట్లాడేశాను. చివర్న మన బడి పాట ఉండాలన్నాను. నా పాటకి నా పిల్లే వాయిస్తుందని కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకుంటున్నా. ముందు వరసలో కూర్చుంటా, చూసుకో మరి!"

"అలాగే టీచర్," అని ఫోన్ పెట్టేసి పాపాయి మళ్ళీ మంచం మీద కూలబడింది. తనకి నిజంగా వాయించడం వచ్చని గుర్తుపెట్టుకున్న మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే మిగిలింది. ఆవిడ ఎదురుగా నిలబడి చచ్చిన మెట్ల మీద వేళ్ళాడించాలి, ఆవిడేమో మురిసిపోయి చప్పట్లు కొట్టాలి. తలుచుకుంటేనే ఆమెకి తన మీద తనకే కంపరమెత్తింది.

ఆ సాయంత్రం భర్త ఇంటికి రాగానే పట్టుకుంది. "ఏమండీ, ఆ ఒక్క పాటకి నేను నిజంగా వాయిస్తాను. ఆ కీబోర్డు బాగుచేయించండి."

"దాన్నా? దాన్లో చీమలున్నాయే. మొన్న వ్యానులోంచి దింపుతుంటే నా చొక్కాలోకి దూరాయి."

"ఛీ! దాన్ని నన్ను ముట్టుకోమంటున్నారా వారం వారం?"

"చీమలేం చేస్తాయే, పైకి కనపడవుగా," అని ఆయన చొక్కా విప్పి దులిపాడు. మంచివాడే, కాకపోతే అన్నగారు కూర్చోమంటే కూర్చుని లేవమంటే లేచే రకం. "అయినా బడి పాట కూడా స్టూడియోలో చేయించి పెన్‌డ్రైవులో పెట్టించేస్తాడు అన్నయ్య, వైరు పెట్టడానికి ఒప్పుకోడు. నీకంత ముచ్చటగా ఉంటే ఏదైనా చిన్నది చూసుకో. చౌకలో. ఇంట్లో చోటెక్కడుంది?" అన్నాడు. నిజమే, చోటు లేదు. వాళ్ళ ముందుగది నిండా స్పీకరు పెట్టెలే. ఒకదాని మీద టీవీ, ఇంకొకదాని మీద మందుల డబ్బా, మూడోదాని మీద కూర్చుని భోంచేస్తారు.

సరే, చిన్నది కావాలి, చౌకగా ఉండాలి. ముందు ఫోన్‌లో వీడియోలు చూసింది. ఆ వీడియోల వాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఒకడు అట్టపెట్టె విప్పుతాడు, లోపలి కవరు చింపి "అబ్బబ్బ, ఏం ఫినిషింగండీ!" అంటాడు. ఇంకొకడు అదే పెట్టె విప్పి, అదే కవరు చింపి, అదే మాట అంటాడు. అందరూ విప్పేవాళ్ళే, వాయించే నాథుడు ఒక్కడూ లేడు.

ఇలా కాదని సంగీత వాయిద్యాల కొట్టుకి వెళ్ళింది. టై కట్టుకున్న సేల్స్‌మన్ ఎదురొచ్చి, కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతున్న ఒక కీబోర్డు ముందు నిలబెట్టాడు. "ఒక్క వేలు పెట్టండి మేడమ్. మిగతాదంతా అదే చూసుకుంటుంది," అన్నాడు. పాపాయి ఒక్క వేలు పెట్టింది. అంతే, డ్రమ్ములు, వయొలిన్లు, వేణువులు, ఊళ్ళో ఉన్న వాయిద్యాలన్నీ కట్టగట్టుకుని మీదపడ్డాయి. వేలు తీసేసినా ఆగవే! చివరికి దానంతట అదే పాట ముగించుకుని, దానంతట అదే చప్పట్లు కూడా కొట్టుకుంది.

"చూశారా మేడమ్, చప్పట్లు కూడా లోపలే ఉన్నాయి!" అన్నాడు సేల్స్‌మన్.

"బావగారికి నచ్చుతుంది," అని పాపాయి వెనక్కి తిరిగింది.

ఎవరో పాతది అమ్ముతున్నారని తెలిసి వాళ్ళింటికి వెళ్ళింది. బనీనుతో ఉన్న ఒకాయన తలుపు తీసి, మంచం మీద పిల్లి పక్కన ఉన్న కీబోర్డు చూపించాడు. మెట్లు పాచిపళ్ళ రంగులో ఉన్నాయి. ఒకటి నొక్కింది, అది కిందికి పోయి మళ్ళీ పైకి రాలేదు. ఏం అడ్డుపడిందా అని వంగి చూస్తే, సందుల్లో బిస్కట్ల పొడి, పిల్లి వెంట్రుకలు, వాటి మధ్యన కత్తిరించిన గోళ్ళు! వాయిస్తూ గోళ్ళు కత్తిరించుకునే మనిషిని ఏమనాలో పాపాయికి తెలియలేదు. ఆయన మాత్రం, "తుడిస్తే పోతాయమ్మా," అని తన గోటితోనే ఒకటి పైకి లాగి చూపించాడు. పాపాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికొచ్చేసింది.

మళ్ళీ మొదటి కొట్టుకే వెళ్ళింది. ఈసారి సేల్స్‌మన్‌ని పట్టించుకోకుండా అరలన్నీ తనే వెతుక్కుంటూ పోయింది. మూలన, దుమ్ముపట్టిన అరలో, పెద్ద పుస్తకమంత పొడుగున ఒక బుల్లి సింథసైజర్ కనిపించింది. పైన వరసగా నాబ్‌లు, కింద మూడు స్థాయిలకి కాస్త తక్కువగా చిన్న మెట్లు.

"అది మీకొద్దు మేడమ్," అన్నాడు సేల్స్‌మన్ వెనకాలే వచ్చి. "దాంట్లో ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"పాటల్లేవు, తాళాల్లేవు. నాబ్‌లు తిప్పుకుని శబ్దం కూడా మనమే తయారుచేసుకోవాలి. బ్యాటరీల మీద నడుస్తుంది, స్పీకరు దాన్లోనే ఉంది. అంతే. చౌక అని తీసుకెళ్తారు, ఏమీ రావట్లేదని తిరిగి తెచ్చిస్తారు."

"చప్పట్లు?"

"అయ్యో, అవి అసలే లేవండి."

పాపాయి మెట్టు నొక్కింది. జలుబు చేసిన మనిషి ముక్కు చీదినట్టు ఒక చప్పుడొచ్చింది. ఆమెకి నవ్వాగలేదు. ఒక నాబ్ కాస్త తిప్పింది. దుప్పటి కింద నలుగుతున్న శబ్దం ముసుగు తీసి బయటికొచ్చినట్టయింది. ఇంకోటి తిప్పింది. ఈసారి వేలు తీసేశాక కూడా శబ్దం కాసేపు నిలిచి, మెల్లగా సన్నగిల్లింది. నొక్కితే మోగింది, నొక్కకపోతే నోరు మూసుకుంది. ఆ చిన్న పెట్టె చూపించిన ఆ మర్యాదకే పాపాయి మనసు కరిగిపోయింది. బేరం కూడా ఆడకుండా కొనేసింది.

ఇంటికి తెచ్చి స్పీకరు పెట్టె మీద పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బడి పాట మొదలుపెట్టింది. ఏం చెప్పమంటారు! ఆ వినపడింది పాట కాదు. కుడిచెయ్యి వయ్యారాలు పోతోంది, ఎడమచెయ్యి గాల్లో కెరటాల్లా లేస్తోంది, ఒక్క వేలు కూడా పడాల్సిన చోట పడలేదు. ఇన్నేళ్ళూ మోగని మెట్ల మీద ఆమె వేళ్ళు ఏ చెత్త పడితే ఆ చెత్త నొక్కుతూ వచ్చాయి. వినపడకపోబట్టి తెలియలేదంతే. ఆమె హెడ్‌ఫోన్లు లాగి పారేసి తన చేతుల వైపు చూసుకుంది. అవి ఎవరో పరాయి మనిషివి తెచ్చి తన మణికట్టుకి అతికించినట్టు అనిపించి, ఆ పూట వాటితో అన్నం తినబుద్ధి కాలేదు.

అయినా మర్నాడు మళ్ళీ కూర్చుంది. ఒక్కో వేలినీ తిడుతూ, బతిమాలుతూ, చిన్నపిల్లకి నేర్పినట్టు నేర్పుకుంది. మొదటి వరస దారిలో పడింది, తర్వాత రెండోది. చేతులు అలిసినప్పుడల్లా నాబ్‌లతో ఆడుకునేది. ఓ రోజు తిప్పగా తిప్పగా బళ్ళో ఉన్న పాత తొక్కుడు హార్మోనియం గొంతు దొరికింది, కాస్త గరగరగా, కాస్త గాలి కలిసి. పాపాయి ఎగిరి గంతేసి, ఆ నాబ్‌లు ఎక్కడ ఆగాయో అక్కడల్లా గోళ్ళరంగుతో చుక్కలు పెట్టుకుంది. ఇంకో రోజు భర్తని పిలిచి హెడ్‌ఫోన్లు తగిలించి ఒక మెట్టు నొక్కింది. గ్లర్ర్ మని వినపడగానే ఆయన కిసుక్కున నవ్వాడు.

"ఓసినీ! అచ్చం అన్నయ్య పుక్కిలించినట్టుందే!"

"ఇది ముక్కు చీదినట్టు, ఇదేమో ప్రోగ్రాం ముందు కాండ్రించినట్టు," అని ఆమె వరసగా వినిపించింది. ఆయన నవ్వి నవ్వి స్పీకరు పెట్టె మీంచి జారాడు. వాళ్ళిద్దరూ కలిసి అంతగా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. సభ దగ్గర పడేసరికి బడి పాట మొదట్నుంచి చివరిదాకా ఆమె వేళ్ళలోకి తిరిగొచ్చింది.

ఇక బావగారికి చెప్పడమే మిగిలింది. ఏం గొడవ చేస్తాడో అనుకుంటూనే పాపాయి ఆ బుల్లి సింథసైజర్ చంకలో పెట్టుకుని వెళ్ళింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆటవస్తువులా ఉందే! సర్లే, పెద్దదాని పైన స్టాండు వేసి పెట్టుకో. రెండంతస్తులుంటే చూడ్డానికి నిండుగా ఉంటుంది. ఇంత పెద్ద ఆర్కెస్ట్రానా అనుకుంటారు జనం. మంచి ఆలోచన అమ్మాయ్, నీకూ బుర్ర పెరుగుతోంది!" అన్నాడు. అది మోగుతుందా అని మాత్రం అడగలేదు. వాళ్ళ వేదిక మీద ఏ వస్తువునీ ఆ మాట అడిగే అలవాటు లేదు. పాపాయి కూడా చెప్పలేదు. స్పీకరు దాన్లోనే ఉంది, బ్యాటరీలు దాన్లోనే ఉన్నాయి. మెల్లగా పెట్టుకుని తన చెవి వరకూ వాయించుకుంటే చాలు. టీచర్‌కి వినపడకపోయినా సరే, ఆవిడ కళ్ళ ముందు తన వేళ్ళు అబద్ధం ఆడకుండా ఉంటే చాలనుకుంది. ఇక రిహార్సల్ అంటారా, ఆ ట్రూపులో రిహార్సల్ అంటే కోట్ల గుండీలు ఊడాయేమో చూసుకోవడమే.

సభ బడి హాల్లోనే, మధ్యాహ్నం పూట. ఫినాయిల్ వాసన, చెమట వాసన, తళుకుల కోటు చంకల్లో ఎన్నేళ్ళదో పులిసిన వాసన, అన్నీ కలిసి పాపాయికి వికారం పెట్టాయి. ముందు వరసలో టీచర్ ఒళ్ళో పూలగుత్తితో కూర్చుని ఉంది. సన్నబడింది, కళ్ళద్దాలు బాగా మందమయ్యాయి. పాపాయిని చూసి చెయ్యి ఊపింది. పక్కావిడ డొక్కలో పొడిచి మరీ చూపించింది.

వరసగా పాటలు నడిచాయి. పాపాయి కింది అంతస్తు మీద, ఆ చీమల పెట్టె మీద వేళ్ళాడించింది. బావగారికి ఒక అలవాటుంది. పాట మధ్యలో వాయిద్యాలొక్కటే వచ్చేచోట, విలాసంగా నడుచుకుంటూ వచ్చి, తన మైకు కీబోర్డు మీదికి వంచి పట్టుకుంటాడు, అక్కడేదో తేనె కారిపోతున్నట్టు. అలా పట్టుకున్నప్పుడల్లా టీచర్ కళ్ళు మూసుకుని తలూపింది. అది చూసి పాపాయి కళ్ళు మెట్ల మీదికి దించేసుకుంది. ఇంత చెవి ఉన్న మనిషిని ఇంత తేలిగ్గా మోసం చెయ్యొచ్చా, ఛీ అనుకుంది.

ఆఖరికి బడి పాట వచ్చింది. పాపాయి చేతులు పైఅంతస్తుకి ఎత్తి, చుక్కల దగ్గర నాబ్‌లు సరిచూసుకుని, పాటతో పాటు మొదలుపెట్టింది.

మొదటి మెట్టు నొక్కగానే ఏదో తేడా కొట్టింది. ఒక కాలికి చెప్పూ ఇంకో కాలికి బూటూ వేసుకుని నడిచినట్టుంది. తప్పు తన వేళ్ళదే అనుకుంది. చూసుకుంటే వేళ్ళు సరిగ్గానే పడుతున్నాయి. మరి? అప్పుడు వెలిగింది. బావగారి గొంతు ఈమధ్య పైకి పోవడం లేదు. అందుకని పెన్‌డ్రైవులో పాట శ్రుతిని రెండు మెట్లు కిందికి దించి పెట్టారు. దించినవాడు ఇంకెవరు, మిక్సర్ ముందు చెవి గోక్కుంటూ కూర్చున్న తన మొగుడే. ఆమెకి చెప్పాలని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. కుర్చీ జరిపేటప్పుడు కుర్చీకి చెబుతామా ఏంటి!

చేతులు రెండు మెట్లు కిందికి జరిపి అందుకుందామని చూసింది. వేళ్ళు తడబడ్డాయి, మళ్ళీ పాత చోటికే పరిగెత్తాయి. ఆ కంగారులో మోచెయ్యి తగిలి ఒక నాబ్ గిర్రున తిరిగి, హార్మోనియం గొంతు కాస్తా కీచుగొంతయింది. సరిగ్గా అప్పుడే వాయిద్యాలొక్కటే వచ్చే చోటు వచ్చింది. బావగారు విలాసంగా నడుచుకుంటూ వచ్చి, చిరునవ్వుతో మైకు వంచి, ఆ బుల్లి స్పీకరుకి ఆనించి పట్టుకున్నాడు.

హాలంతా కెవ్వుమంది. పాట ఒక శ్రుతిలో, పాపాయి ఇంకో శ్రుతిలో, రెండూ జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. జనం చెవులు మూసుకున్నారు. టైర్లాయన చేతిలో కర్ర జారిపోయింది. టీచర్ ముఖం చేదు మాత్ర మింగినట్టు ముడుచుకుపోయింది. భర్త ఎగిరిపడి మైకు తగ్గించాడు. బావగారు నవ్వు చెరగకుండానే నాలుగడుగులు వెనక్కి వేశాడు.

పాపాయి సింథసైజర్ కట్టేసింది. పాట మాత్రం ఆగలేదు. ఎందుకాగుతుంది, పెన్‌డ్రైవుకి సిగ్గా ఎగ్గా! చేతులు గాల్లో ఉండిపోయిన ఆ క్షణంలో ఆమె తన జన్మలో మరిచిపోలేని పని చేసింది. చేసిందనకూడదు, చేతులే చేశాయి. వాటంతట అవి కింది అంతస్తు మీదికి దిగి, జిగట మెట్ల మీద వయ్యారంగా కదలడం మొదలుపెట్టాయి. పెదాలు వాటంతట అవే విచ్చుకుని పళ్ళు బయటపెట్టాయి. తల ఊగింది. పాట ముగిసేసరికి హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

జనం పలచబడ్డాక టీచర్ ఒకరి భుజం పట్టుకుని వేదిక ఎక్కింది. వచ్చీ రాగానే పాపాయి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఎంత హాయిగా వాయించావే! నీ చేతులు ఏమీ మరిచిపోలేదు. నేను అందరికీ చెప్పిన మాట నిలబెట్టావు తల్లీ. మధ్యలో ఆ పాడు చప్పుడేమిటో గానీ, నా పాటని పట్టుకుని కొరికేసింది."

"స్పీకర్లండీ టీచరుగారూ," అన్నాడు బావగారు వెంటనే అందుకుని. "హాలు వాళ్ళవి. ఒక్కోసారి అలా కూస్తాయి. అమ్మాయ్, పద, సామాను వ్యానులోకెక్కించాలి."

భర్త వైర్లు చుట్టడం ఆపి పాపాయి వైపు బతిమాలుతున్నట్టు చూశాడు. ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు, టీచర్ సంతోషంగా ఇంటికి వెళ్ళిపోతుంది. కానీ ఆవిడ వేలితో పాపాయి వేళ్ళని ఒక్కొక్కటే నిమురుతోంది, ఏదో బంగారం తాకినట్టు. ఆ నిమరడం పాపాయి భరించలేకపోయింది. తన వేళ్ళకి ఇంకా అంటుకుని ఉన్న ఆ జిగట ఆవిడ చేతులకి అంటుకుంటోంది. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

"టీచర్, ఆ కూసింది స్పీకరు కాదు. నేను," అంది.

"నువ్వా? నువ్వేమిటే?"

"ఆ పాడు చప్పుడొక్కటే నేను వాయించింది. మీకు నచ్చిందంతా పెన్‌డ్రైవు. ఈ కీబోర్డు చచ్చిపోయి ఏళ్ళయింది. వైరు కూడా లేదు, కావాలంటే లాగి చూడండి."

"అమ్మాయ్!" అన్నాడు బావగారు పళ్ళ బిగువున.

టీచర్ నిజంగానే వంగింది. తివాచీ కిందికి పోయిన వైరు పట్టుకుని లాగింది. దేనికీ తగలని కొస చేతిలోకి వచ్చేసింది. దాన్ని కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసి, కింద పడేసి, చేతిరుమాలు తీసి రెండు చేతులూ శుభ్రంగా తుడుచుకుంది. పాపాయి తల దించుకుంది.

"రోతగా ఉందే పాపాయ్," అంది టీచర్ చివరికి.

"నాకూ అలాగే ఉంది టీచర్."

"నేను నిజంగానే పాడతానండీ టీచరుగారూ!" అన్నాడు బావగారు. ఆ గొడవలో ఆయనకి ఆ ఒక్క ముక్కే ముఖ్యమనిపించింది.

టీచర్ ఆయన వైపు తిరగలేదు. పైఅంతస్తు మీద ఉన్న బుల్లి సింథసైజర్‌నే చూస్తోంది. "ఆ చప్పుడు నా శ్రుతిలో ఉందేమిటా అనుకున్నా," అంది తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. తర్వాత మెల్లగా వేదిక దిగింది. అప్పటికే పనివాళ్ళు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ముందు వరసలో తన కుర్చీ పట్టుకుని లాగుతున్నవాడి చేతి మీద ఒక్కటి వేసి, దాంట్లో కూర్చుంది.

"ఊఁ, వాయించు."

"ఇప్పుడా టీచర్? అందరూ వెళ్ళిపోయారు."

"నా పాటకి నా పిల్ల వాయిస్తుందని వచ్చాను. ఇంకా వినలేదు."

"ఆ శ్రుతికి నా గొంతు అందదండీ," అన్నాడు బావగారు.

"నిన్నెవరు పాడమన్నారు నాయనా?" అంది టీచర్. భర్త నవ్వు ఆపుకోలేక వైర్ల మీదికి వంగిపోయాడు.

పాపాయి తళుకుల కోటు విప్పి చచ్చిన కీబోర్డు మీద పడేసింది. చేతులు రెండూ తన చీరకి గట్టిగా రుద్దుకుంది. సింథసైజర్ వెలిగించి, తిరిగిపోయిన నాబ్‌ని చుక్క దగ్గరికి తెచ్చి, శబ్దం పూర్తిగా పెంచింది. ఎంత పెంచినా ఆ బుల్లి స్పీకరు శబ్దం నాలుగో వరస దాటదు. మొదటి వరస వాయించింది. రెండో వరసలో ఎడమచెయ్యి మళ్ళీ కెరటంలా లేవబోయింది.

"తప్పు," అంది టీచర్ చిరాగ్గా, కళ్ళు మూసుకునే. "మళ్ళీ."

పాపాయి మొదట్నుంచి మొదలుపెట్టింది.